అత్తగారి తొడ కండ

కాళ్లకి బదులు మర పనిచేసే నడక తొడుగులు వచ్చాక తెనాలిలో ఎవరి కాళ్లూ వాళ్లని మోయడం లేదు. మోకాళ్లు అరిగాయని అత్తగారు పేరిందేవి, అరక్కుండా ఉండాలని కోడలు హైమ వాటినే తొడుక్కుంటారు. ఈ నెల ఆసుపత్రి పరీక్షలో మాత్రం అత్తగారి తొడ కండ గట్టిగా ఉందనీ, హైమదే కరిగిపోయిందనీ వచ్చింది.

దండెం మీద తొడుగులు తారుమారయ్యాయా? అత్తగారు గుర్తుకు కుట్టుకున్న ఎర్రదారం ఆవిడ కాలికే ఉంది.

“అత్తయ్యా, మీటని ఎంతలో పెడుతున్నారు?”

“మీట కూడా ఉందటే దీనికి? వెచ్చగా ఉందని వేసుకుంటున్నా!” అంటూ ఆవిడ పీట మీంచి చెయ్యి ఆనించకుండా లేచింది.

హైమ తన తొడుగులు విప్పేసి తనూ లేవబోయింది. ముందు ఏ కాలికి చెప్పాలో అర్థం కాలేదు.