ఒక చెంచా గోధుమలు

పడవ కదిలినప్పటి నుంచీ అర్గిరో ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. ఒళ్లో డబ్బా. డబ్బాలో ఉడకబెట్టిన గోధుమలు, దానిమ్మ గింజలు, బాదంపప్పు, పైన మందంగా పంచదార. అమ్మ మరిగో దినానికని నిన్న ఊరి చర్చిలో ప్రార్థన చేయించి తెచ్చింది. అమ్మ సమాధి దగ్గర నలుగురికీ తలో చెంచా పెట్టాలి. తిన్నవాళ్లచేత "దేవుడు మరిగోను క్షమించుగాక" అనిపించాలి. తక్కినవాళ్లంతా దీవి మీది కోట చూడ్డానికొచ్చారు. ఆమె మాత్రం ఇందుకే వచ్చింది.

తండ్రి బతికున్నన్నాళ్లూ స్పినాలోంగ పేరెత్తనివ్వలేదు. కుష్ఠని అమ్మను ఆ దీవికి పట్టుకుపోయేనాటికి అర్గిరోకి పాలపళ్లయినా ఊడలేదు. ఏడాది తిరక్కుండానే పోయిందట. ఆ కబురు తెచ్చింది తండ్రే. ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నదీ ఆయనే. ఏటా ఊళ్లో దినం జరుగుతూనే ఉంది కానీ, సమాధి ఎలా ఉంటుందో కూడా తెలియకుండా చేసే దినం ఏం దినమని అర్గిరో మనసు పీకుతూనే ఉండేది.

కోట చూపించేది అరవై దాటిన ముసలావిడ. తలకు నల్లగుడ్డ, చేతిలో మూసిన గొడుగు. పడవ వాళ్లంతా ఆవిడను పిన్నీ అంటారు. క్రీటు వైపు ముసలివాళ్లందరికీ ఉన్న అలవాటే ఆవిడకీ ఉంది. మనిషి కనబడితే చాలు, ఎవరి పిల్లవని ఆరా తియ్యాలి. పడవలో ఒక్కొక్కరినీ ముత్తాతల దాకా లాగి, చివరికి అర్గిరో దగ్గరికొచ్చింది.

"ఎవరి పిల్లవమ్మాయ్?"

"బూట్లు కుట్టే స్తెలియోస్ కూతుర్ని. లసీతి కొండల మీద మాది."

ముసలావిడ ఇంకేమీ అడగలేదు. వెళ్లి పడవ ముందు భాగాన నిలబడింది. బూట్లు కుట్టేవాడి కూతురంటే అంతేలే అనుకుంది అర్గిరో.

దీవి ఎక్కాక తిప్పలు మొదలయ్యాయి. శ్మశానం ఎటని అడిగితే చివర్లో చూద్దామంది ముసలావిడ. ఆ చివర ఎప్పటికీ రాదే. వెనిస్ వాళ్ల ఫిరంగుల కథ ఒకసారి చెప్పింది. ఇంకో బురుజు ఎక్కించి మళ్లీ అదే చెప్పింది. ఏథెన్స్ నుంచి వచ్చిన బట్టల వ్యాపారి పెళ్లాం వైపు తిరిగి, ఈవిడకు ఎండ దెబ్బ కొట్టినట్టుందని నవ్వాడు. కూలిన ఇళ్ల మధ్య, రోగుల అంగళ్లుండే వీధిలో, ఎక్కడా పట్టుమని రెండు నిమిషాలు నిలబడదు. నిలబడ్డా అర్గిరో వైపు చూడదు.

అర్గిరో కాలుగాలిన పిల్లిలా ఆవిడ వెంటే తిరిగింది. డబ్బా ఈ చంక నుంచి ఆ చంకకు మారుతోంది. ఎండకు పంచదార కరిగిపోతోంది. ఇంతలో కింద పడవ హారన్ మోగింది. ఇక ఆగలేక ఎదురెళ్లి దారికి అడ్డంగా నిలబడింది.

"పెద్దమ్మా, నన్ను అమ్మ దగ్గరికి తీసుకెళ్తారా, లేదా?"

"అక్కడ సమాధుల మీద పేర్లు లేవు. వెళ్లి ఏం చేస్తావు?" అంది ముసలావిడ. మళ్లీ తనే అడిగింది. "నిన్ను మీ నాన్నే పంపించాడా?"

"నాన్న పోయాడు. ఈస్టర్ ముందే."

మోకాళ్ల నొప్పులంటూ ముసలావిడ అక్కడే మెట్టు మీద కూలబడింది. ఈమెకిప్పుడే రావాలా నొప్పులు అని అర్గిరోకి చిరాకేసింది. ఆవిడ లేచి, ఇక ఫిరంగుల ఊసెత్తకుండా తిన్నగా శ్మశానం దారి పట్టింది.

నిజమే, పేర్లు లేవు. సముద్రానికి ఎగువన వరసగా సిమెంటు పలకలు, వాటి మధ్య ఎండిన గడ్డి. ఏది మరిగోది అని అడిగితే, ఏదో ఒకదాని మీద పెట్టమంది ముసలావిడ, మొహం సముద్రం వైపు తిప్పుకుని. అర్గిరో దుఃఖం ఆపుకోలేకపోయింది. ఇన్నేళ్లకొచ్చి, ఎవరిదో తెలియని రాతి మీద డబ్బా పెట్టి మూత తీసింది.

ఏథెన్స్ ఆయన నవ్వు మానేసి, టోపీ తీసి ఒక చెంచా తిన్నాడు. దేవుడు మరిగోను క్షమించుగాక అన్నాడు. ఆయన పెళ్లాం తింది. పిలవడానికొచ్చిన పడవ సరంగు తిన్నాడు. చావు గోధుమలు పగవాడు పెట్టినా కాదనరు అక్కడ.

ముసలావిడ కాదంది. చెంచా నోటి దాకా తెస్తే తల పక్కకు తిప్పేసింది.

అర్గిరోకి ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ దాచుకున్న కోపమంతా బయటికొచ్చింది.

"మా అమ్మది కుష్ఠనేనా మీ బాధ? వాళ్లు చచ్చిన చోటు చూపించి బతుకుతున్నారు మీరు. ఆమె పేరుతో ఒక్క చెంచా తింటే మీకు అంటుకుంటుందా?"

"అసహ్యం కాదమ్మాయ్."

"మరి తినండి. పాపం మా అమ్మను క్షమించమని దేవుడికి ఒక్క మాట చెప్పండి."

దీవి ఎక్కాక ముసలావిడ ఆమె వైపు పూర్తిగా తిరగడం అదే మొదటిసారి. అర్గిరో చేతిలోంచి చెంచా తీసుకుని, మెల్లగా డబ్బాలో పెట్టేసింది.

"నా దినం గోధుమలు నేనే ఎలా తిననే, చిట్టితల్లీ?"