తూకం గుడ్డ

చిల్లర కట్టుకునే కొంగున ఇంకో గులకరాయి పెట్టి ముడేసింది ఫలేసి. వరండా దూలానికి వేలాడే త్రాసు కొక్కేనికి నడుముకు చుట్టుకునే ఆ చితెంజె గుడ్డనే ఉయ్యాలలా కట్టి, అందులో కొడుకు లింబానిని కూర్చోబెట్టింది. ముల్లు నిన్నటి గీత మీదికొచ్చి ఆగింది.

అమ్మయ్య. పిల్లల వార్డులో ఇంకా ఎవరూ లేవలేదు.

ఇక్కడ అంతా తూకమే. తల్లి గుడ్డ బరువు మొదటి రోజే రాసుకుని, రోజూ తూకంలోంచి దాన్ని తీసేస్తారు. బరువు పెరిగిన బిడ్డకు అందరూ చప్పట్లు కొడతారు. పక్క మంచం అవ్వ మనవడికి రోజూ చప్పట్లే. రెండేళ్ళ లింబాని మాత్రం వచ్చిన మర్నాటి నుంచీ తరుగుతున్నాడు. తిండి ముట్టకపోయినా, ఇంటి దగ్గర వాడివి బూరె బుగ్గలు. ఇప్పుడవీ కరిగిపోతున్నాయి.

పైగా ఒకటే తడపడం. ఒంట్లో ఉన్నదంతా అలాగే పోతోందని ఆమె భయం. తడిగుడ్డలు మంచం కింద దాచేది.

"నీ కొడుకా, చేతిపంపా?" అంది అవ్వ.

"మెల్లగా అవ్వా. సిస్టర్ వింటుంది."

ఎనిమిదింటికి సిస్టర్ తియామికె వచ్చింది. లింబానిని తూచి, ముల్లు చూసి నుదురు చిట్లించింది.

"మళ్ళీ అంతేనా? ఉచ్చ పోస్తున్నాడా?"

"ఏదో కాస్త, సిస్టర్."

"రేపూ ఇలాగే ఉంటే పట్నం ఆసుపత్రికి పంపాల్సిందే."

కిందటి వారం ఆ ఆసుపత్రి బండెక్కిన పాప తిరిగి రాలేదు. ఆ రోజంతా ఫలేసికి కాలు నిలవలేదు. వాకిట్లో రాళ్ళు ఏరింది. పారేసింది. మళ్ళీ ఏరింది.

మర్నాడు ముడిలో రెండు రాళ్ళు ఎక్కువ పెట్టింది. ముల్లు గీత దాటింది. అవ్వ చప్పట్లకు చేతులెత్తింది.

సిస్టర్ ముఖం పాలిపోయింది. "బండి పిలవండి" అంటూ బిడ్డను గుడ్డతో సహా తనే ఎత్తుకుంది. ముడి వచ్చి మోకాలికి గట్టిగా తగిలింది. విప్పితే ఆరు రాళ్ళు నేల మీద దొర్లాయి.

ఫలేసి కూలబడింది. "తప్పు నాదే సిస్టర్. రోజురోజుకీ తరిగిపోతున్నాడు. రోజుకు పది గుడ్డలు తడుపుతున్నాడు. చెబితే పంపేస్తారని దాచాను."

సిస్టర్ బిడ్డను మళ్ళీ ఉయ్యాలలో కూర్చోబెట్టింది. రాళ్ళు లేకుండా తూచింది. అరకిలో తక్కువ. మంచం కింది గుడ్డలన్నీ బయటికి లాగి లెక్కపెట్టింది. బయట బండి హారన్ కొట్టింది.

బండిని వెనక్కి పొమ్మని, సిస్టర్ ఫలేసి పక్కనే నేల మీద కూర్చుంది.

"వీడి కిడ్నీలు ఎప్పుడు మేలుకుంటాయా, ఆ బుగ్గల్లో ఉబ్బిన నీరంతా దిగి బరువెప్పుడు తగ్గుతుందా అని చూడ్డానికే కదమ్మా, మేం వీణ్ణి రోజూ తూస్తున్నది."