మోతి ఉరుకుతది!

నారాయణఖేడ్‌లో టీవీ కొనడం పెద్ద కష్టం కాదు. కొన్న టీవీని చూడటమే కష్టం.

సహకార సంఘంలో గుమస్తా సంగమేశ్వర్‌కు ఆ సంగతి కొన్న వారానికే తెలిసొచ్చింది. ఆ గల్లీలో అదే మొదటి టీవీ. ఆదివారం సినిమా వేళకు గల్లీకి గల్లీ అంతా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేసేది. ఆయన ముచ్చటపడి చేయించుకున్న కుర్చీలో పక్కింటి కిష్టవ్వ కాళ్లు మడిచి కూర్చునేది. ఇంటి యజమాని వంటింటి గడప మీద ఒదిగి, ఎవరిదో తలకాయ పక్క నుంచి హీరో సగం మొహం చూసేవాడు. అసలైన ఘట్టం వచ్చేసరికి బొమ్మ ఊగేది. యాంటెనా తిప్పడానికి అందరూ కలిసి ఆయన్నే మిద్దె ఎక్కించేవారు. దిగి వచ్చేసరికి వార్తలు మొదలయ్యేవి.

తన టీవీలో, తన కుర్చీలో, ఒక్క సినిమా మొదటి నుంచి చివరిదాకా చూడాలి. సంగమేశ్వర్‌కు ఇక జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే.

పోనీ రావద్దని అందామంటే నోరు రాదు. అలా అన్నవాడి ఇంట్లో రేపు పెళ్లయితే విస్తళ్లు వేసేవాడు దొరకడు.

ఇది చాలదన్నట్టు, ఒక వారం కుక్క గొడవ ఒకటి మొదలైంది.

"మోతి దాని పేరు," అని సంగమేశ్వర్ తలుపు జానెడు తెరిచి గల్లీకి చెప్పాడు. "బుడ్డది. తెల్లగుంటది. పట్నంకెళ్లి తెచ్చినం. తలుపు జర తెరిస్తే సాలు, ఉరుకుతది. ఇగ దొరకది."

"మరి అరుస్తలేదేంది?" అని అడిగాడు మొగులప్ప. బస్టాండ్ దగ్గర సైకిల్ షాపు ఆయనది.

"జాతి కుక్క. అరిచేటియి గల్లీ కుక్కలు."

మొగులప్ప తనకు ఆమాత్రం తెలియనందుకు సిగ్గుపడ్డాడు.

ఆ వారమంతా ఆ ఇంటి తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. పాలు కిటికీలోంచి లోపలికి వెళ్లాయి. చెత్త కిటికీలోంచి బయటికి వచ్చింది. సంగమేశ్వర్ పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కవాటుగా ఆఫీసుకు బయల్దేరేవాడు. వెనక నుంచి భార్య ఇంద్రమ్మ "మోతీ, ఆగు!" అని గట్టిగా గదమాయించేది.

ఆదివారం రానే వచ్చింది. సినిమా ఇంకా మొదలుకాకముందే తలుపు దబదబా మోగింది. బయట మొగులప్ప, ఆయన వెనక సినిమా కోసమే సిర్గాపూర్ నుంచి బస్సెక్కి వచ్చిన అత్తగారివాళ్లు, వాళ్ల వెనక మామూలు గల్లీ.

"ఏం చేద్దాం మొగులప్పా," అన్నాడు సంగమేశ్వర్ తలుపు సందులోంచి. "నాకైతే రమ్మనే ఉన్నది. కుక్కతోనే పరేషాన్."

"సంగమేశన్నా, మా అత్తగారోళ్ల ముంగట ఇజ్జత్ తియ్యకు. నువ్ జరుగు. కుక్కను నేను జూస్కుంట." మొగులప్ప భుజంతో ఒక్క తోపు తోశాడు. తలుపు బార్లా తెరుచుకుంది.

"పాయె! ఉరికింది!" సంగమేశ్వర్ నెత్తి పట్టుకున్నాడు. "కొంప ముంచితివి గదనే!"

మొగులప్ప తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మొహం వెలవెలబోయింది. "అవ్, నా కాళ్ల సందులకెళ్లే పాయె. తోక గూడ తాకింది."

"నేను జూసిన," అంది కిష్టవ్వ. "బాణం లెక్క పాయె, బస్టాండ్ దిక్కు."

గల్లీ అంతా బస్టాండ్ దిక్కు పరుగెత్తింది. సిర్గాపూర్ చుట్టాలు కూడా "మోతీ, మోతీ" అంటూ పంచెలు ఎగ్గట్టారు. సంగమేశ్వర్ వాళ్లతో నాలుగడుగులు ఉరికి, మోకాలు పట్టుకుని, కుంటుతూ వెనక్కి వచ్చి తలుపు గొళ్లెం పెట్టాడు.

తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంద్రమ్మ వేయించిన పల్లీలు తెచ్చింది.

"కుక్క పోయిన ఇంట్ల పల్లీలు తింటున్నరంటే మంది ఏమనుకుంటరు?" అంది.

"మెల్లగ నములు."

బొమ్మ ఊగలేదు. హీరో మొహం రెండు వైపులా కనిపించింది. తప్పిపోయిన కొడుకును తల్లి గుర్తుపట్టబోతోంది. సంగమేశ్వర్ కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తలుపు మళ్లీ మోగింది.

"దొరికింది!"

మొగులప్ప చొక్కా చిరిగింది. మోచెయ్యి గీరుకుపోయింది. చంకలో మాత్రం బురద కొట్టుకుపోయిన ఓ తెల్లటి బుడ్డ కుక్క గింజుకుంటోంది.

"సంత ఎన్క దొరికిందన్నా. రెండుసార్లు కర్సింది. అయినా ఇడువలే. నాతోని పోయింది, నేనే తేవాలె గద!"

"మోతీ," అని పిలిచింది ఇంద్రమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి. కుక్క అటు చూడలేదు.

"పాపం, బెదిరింది. పేరు గూడ మర్సింది," అంటూ కిష్టవ్వ వెళ్లి కుర్చీలో కాళ్లు మడుచుకుంది.

అందరూ లోపలికి వచ్చారు. మొగులప్ప కుక్కను, మళ్లీ వంటింటి గడప మీద ఒదిగిన సంగమేశ్వర్ ఒళ్లో పెట్టి, తలుపు తనే గొళ్లెం వేశాడు. "ఇగ నీకు ఫికర్ లేదన్నా. ఆయితారం ఆయితారం మేమే జల్దీ వస్తం, తలుపు కాడ కావలి కూసుంటం. గాని దీనికి ఆకలైతున్నట్టుంది. ఏం తింటది మోతి?"

టీవీలో తల్లీ కొడుకులు కలుసుకుని ఏడుస్తున్నారు. గల్లీ అంతా అటు తిరగకుండా, జవాబు కోసం సంగమేశ్వర్ మొహం చూస్తోంది.

అయ్యా, అమ్మా, మీకు దండం పెడతాం, తెలిసినవాళ్లెవరైనా ఒక్క సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి: పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఏ కుక్కనూ పెంచని సంగమేశ్వర్, ఒళ్లో గుర్రుమంటున్న ఈ కుక్కను ఇప్పుడు ఏం చెయ్యాలి?