చెవుల లెక్క

"ఆ బ్యాగు మనిషిని నమ్మొద్దు. ఓనరే పిలిపించినాడు."

ఎర్రన్న గొంతు విప్పలేదు. పెదవులు మాత్రం ఆడించాడు. తాడిపత్రి బండల పాలిష్ షెడ్డులో అందరూ అలాగే మాట్లాడుకుంటారు. మిషన్లు తిరుగుతుంటే అరిచినా లాభం లేదు.

నూర్ అహమ్మద్ తలాడించాడు. పద్దెనిమిదేళ్లుగా అక్కడే పని. ఇప్పుడు మిషన్ ఆపినా అతనికి పెద్ద తేడా తెలియదు.

ఆ సంగతి సూపర్‌వైజర్ విష్ణువర్ధన్‌కు తెలియకూడదు. వెనక నుంచి పిలిస్తే పలకలేదని పోయిన నెలే కలీముల్లాను గేటు బయటికి పంపాడు.

చెవుల పరీక్ష స్టోర్ రూములో. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ బ్యాగు మనిషి పేరు నరసింహప్ప. విష్ణువర్ధన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఎందుకు సార్ ఇదంతా?" అన్నాడు నూర్, ఎదుటి పెదవులనే చూస్తూ.

"దేశంలో ఎంతమందికి చెవులు వినపడవో లెక్క తీస్తాండారన్నా. కోట్లలో ఉంటారంట."

"ఆ కోట్లలో నేను ల్యాను."

నరసింహప్ప హెడ్‌ఫోన్లు తగిలించాడు. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు.

నూర్‌కు ఏ శబ్దమూ వినపడలేదు. మీట నొక్కే వేలు కనిపించింది. చెయ్యెత్తాడు. వేలు మళ్లీ కదిలింది. మళ్లీ ఎత్తాడు. తన కంటే ముందు వచ్చినవాళ్లూ అదే చేశారు. ఎర్రన్న నేర్పిన కిటుకు.

నరసింహప్ప ఆగాడు. ఒక ఫైలు తీసి తన చేతికి అడ్డం పెట్టుకున్నాడు.

నూర్ చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. ఎప్పుడు ఎత్తాలి?

విష్ణువర్ధన్ ఒక అడుగు లోపలికి వేశాడు. "ఏమప్పా, నిద్రపోతాండావా?"

నరసింహప్ప నూర్ ముఖంలోకి చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

"మిషన్ సతాయిస్తాండాది సార్," అంటూ ఫైలు పక్కన పెట్టాడు.

వేలు కదిలింది. చెయ్యి లేచింది.

"చెవులు బాగుండాయి," అని కాగితం మీద రాశాడు.

విష్ణువర్ధన్ అటు తిరగగానే నరసింహప్ప పెదవులు గొంతు లేకుండా కదిలాయి.

"సోమవారం ఆసుపత్రికి రాన్నా. ఆడ సరిగా చూస్తా. ఎవరికీ చెప్పను."

బయటికి రాగానే నూర్ ఆ మాట ఎర్రన్నకు చేరవేశాడు.

"నాకూ అదే చెప్పినాడు. పట్టించేకి వేసిన ఎర అది. పోయినావంటే కలీముల్లా పక్కన కూర్చుంటావు."

షెడ్డులో నలభై మంది. ఆ సోమవారం ఒక్కరూ వెళ్లలేదు.

మూడు నెలల తర్వాత షెడ్డులో బండల లారీ ఒకటి నూర్ వెనక నుంచి రివర్సులో వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నూర్ తిరిగి చూడలేదు.

లారీ తగిలి భుజం విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరు అతన్ని చెవుల గదికి పంపాడు. అక్కడ లహరి అనే అమ్మాయి ఉంది.

"నరసింహప్ప సారు యాడమ్మా?"

లహరి అతని ఎదురుగా కూర్చుంది. పెదవులు కనిపించేలా నిదానంగా మాట్లాడింది.

"ఆయప్పను పనిలోంచి తీసేసినారన్నా. బండల షెడ్డులో నలభై మందిని చూసి, ఒక్కరికీ చెవుడు లేదని రాసిచ్చినాడు. యాడన్నా ఉంటాదా అట్ల? పైవాళ్లు నిలదీసినారు. కూలోళ్లు మోసం చేసింటే చెప్పు, వాళ్ల ఓనరుకు ఉత్తరం రాస్తామన్నారు."

"ఏం చెప్పినాడు?"

"షెడ్డుకు పోనేలేదు, ఇంట్లో కూర్చోని నేనే రాసుకున్నానని సంతకం పెట్టి పోయినాడు."