అవతలి లంక పాట

వాంచి రేవులో ఆదివారం పిట్టల పాటల పోటీ. ఎప్పటిలాగే జడ్జి గెలుపు జెండా తెచ్చి లా రుఫా పంజరం కిందే పాతాడు.

"మా సుల్తాన్ పాటకు ఎదురు పాట లేదు! వేలం పెట్టి చూడండి, ఆ పాటలోనూ ఎదురు పాట ఉండదు!" అని అరిచాడు లా రుఫా. ఆ రేవులో పిట్టల కంటే అతని గొంతే పెద్దది.

అప్పుడే అవతలి లంక పడవ దిగి ఒక ముసలాయన వచ్చాడు. మెడకు గళ్ల కండువా, చేతిలో వెదురు పంజరం, వెనక కూతురు వా మర్ని.

పంజరంలో కళ్లజోడు పిట్ట. పచ్చటి ఒళ్లు, కంటి చుట్టూ తెల్లటి వలయం. అచ్చు సుల్తాన్‌లాగే ఉంది, కాకపోతే ఇంకా పిల్లది.

"నాన్నకు గొంతులో గడ్డ లేచింది అన్నా. బౌబౌ పట్నం ఆస్పత్రికి పోతున్నాం" అంది వా మర్ని. "మీ చేతిలో పిట్ట చావదంటారు. వచ్చేదాకా దీన్ని ఉంచుకుంటారా?"

"పిల్లులు జాగ్రత్త బాబూ" అన్నాడు ముసలాయన. మాట సగం గాలిలోనే కలిసిపోయింది.

ఇంతలో పిల్ల పిట్ట నోరు విప్పింది. "ట్విక్... ట్విక్..." కాస్త ఆగి, "సియూ."

రేవంతా గొల్లున నవ్వింది.

"ఇది పాటా, పడవకు చిల్లు పడ్డ చప్పుడా?" అన్నాడు లా రుఫా. "పెద్దాయనా, నీ గొంతు డాక్టరు చూస్తాడు. దీని గొంతు నేను చూస్తా."

ముసలాయన నవ్వాడు. హాస్యానికి అన్నాడనుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి కాఫీ కొట్టులో లా రుఫాకు కొత్త సరుకు దొరికింది. పెదవులు సున్నా చుట్టి, "ట్విక్... ట్విక్..." అని, ఆ పిట్ట ఆగినంత సేపే ఆగి, "సియూ" అనేవాడు. తాగేవాళ్ల కాఫీ ముక్కులోంచి వచ్చేది.

నవ్వు నవ్వే, ప్రేమ ప్రేమే.

పాట కుదరని పిల్ల పిట్టను లుంగీ కప్పిన పంజరంలో ఉంచి గెలిచే పిట్ట పక్కన వేలాడదీయడం అక్కడి పద్ధతి. వేరే చప్పుడు వినబడదు కాబట్టి ఆ పాటే పట్టుకుంటుంది. సుల్తాన్ పక్కన చోటు ఎవరు ఎంతిచ్చినా లా రుఫా ఇచ్చేవాడు కాదు. జబ్బు మనిషి పిట్ట కదా అని దీనికి ఉచితంగా ఇచ్చాడు.

పిల్ల పిట్ట కొన్నాళ్లు మొండికేసింది. ఒక ఉదయం లుంగీ లోపలి నుంచి సుల్తాన్ పాట వినిపించింది. పాడింది సుల్తాన్ కాదు. లా రుఫా గంతేశాడు.

ముసలాయన, కూతురు తిరిగొచ్చిన రోజున వాళ్లకు వేడి వేడి కర్రపెండలం కసువామి, కాల్చిన చేప పెట్టి, లుంగీ తీశాడు.

పిట్ట పాడింది. జలజలా సాగి, మెలికలు తిరిగి, జెండా తెచ్చి పాతాల్సిన పాట.

"ఫీజు వద్దు పెద్దాయనా, ఫేసులో నవ్వు చాలు!"

ముసలాయన కళ్లు నిండాయి.

"ఆనందబాష్పాలా? వాటికీ ఫీజు లేదు!"

"ఏం చేశారన్నా?" అంది వా మర్ని.

"తప్పు దిద్దాను చెల్లమ్మా."

"అది తప్పు కాదు, మా లంక పాట. పోటీల కోసం వలలేసేవాళ్లు పాడే మగవాటినన్నిటినీ పట్టుకుపోయారు. ఆడవి పాడవని వదిలేశారు. మా అడవిలో మిగిలిన మగది ఇదొక్కటే."

"ఐతే మా మగ పిట్టల్ని పట్టుకుపోయి వదలండి. అదే రంగు, అదే కళ్లజోడు!"

"వదిలి చూశాం. ఆ పాటకు మావి తల కూడా తిప్పలేదు." ఆమె కళ్లు తుడుచుకుంది. "మీ మేనత్త మా లంకకే కోడలుగా వచ్చిందిగా? ఆవిడ మునిమనవలు ఇంట్లో మాట్లాడుకునే మాట మీకు అర్థమవుతుందా?"

అర్థం కాదు. మొన్నటి పెళ్లిలో వాళ్ల మధ్య కూచుని లా రుఫా తల ఊపుతూనే గడిపాడు.

"మనుషులకే ఇంతలో అలా ఐతే, పిట్టల సంగతి చూడండి. ఒకప్పుడు అన్నీ ఒకటే. ఎప్పుడో గాలివానకు కొన్ని మా వైపు కొట్టుకొచ్చాయి. మళ్లీ ఈ నీళ్లు దాటలేదు. పిల్లలు, పిల్లల పిల్లలు, ఎన్ని వేల తరాలో... పాట కొంచెం కొంచెం జరిగింది. ఇప్పుడు ఒకదాన్నొకటి పోల్చుకోవు. చుట్టాలే గానీ, ఒక జాతి కాదని నాన్న అనేవాడు."

లా రుఫా గబగబా సుల్తాన్ పంజరాన్ని దూరంగా జరిపాడు.

"దీని నాన్న పిట్ట ఏది?" అన్నాడు. "ఎవరి పంజరంలో ఉన్నా కొని తెస్తా, పక్కనే వేలాడదీద్దాం. పిల్లదేగా, మళ్లీ నేర్చుకుంటుంది. సుల్తాన్‌ని ఊరి అవతలికి పంపేస్తా."

ముసలాయన కూతురి వైపు చూశాడు.

"పాట ఇలాగేగా ఉండేది?"

పెదవులు సున్నా చుట్టాడు. ఈసారి నవ్వించడానికి కాదు.

"ట్విక్... ట్విక్..." సరిగ్గా అంత సేపే ఆగి, "సియూ."

పంజరంలో పిట్ట తల పక్కకు వంచి విన్నది.

ముసలాయన చటుక్కున లేచాడు. తనూ పెదవులు సున్నా చుట్టాడు. పెదవుల దాకా ఊపిరి రాలేదు. కండువా జారింది. గొంతు కింద డాక్టర్లు పెట్టిన రంధ్రంలోంచి గాలి బుస్సుమని పోయింది.

ఆయన పంజరం ఎత్తి లా రుఫా చేతిలో పెట్టి, అతని వేళ్లను దాని పిడి చుట్టూ మూశాడు.

"నాన్న పిట్ట ఏదని అడిగారుగా అన్నా" అంది వా మర్ని. "గూట్లో ఒంటరిగా దొరికిన రోజు నుంచి ఈలవేసి దీనికి పాట నేర్పిన నాన్న పిట్ట, ఈయనే."