అంచు బయటి వెలుగు

గది తలుపు పిడి ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది.

టీ తాగొద్దామని లేచిన పరిశోధక విద్యార్థిని ఆ పిడి వంకా, తలుపు వంకా మార్చి మార్చి చూసి ఉసూరుమంది. కిటికీ లేని గది. ఉన్నదొక్కటే దారి, అది కాస్తా మూసుకుపోయింది.

పైగా ఆమెతోపాటు ఒక కొత్త మనిషి కూడా ఇరుక్కుపోయాడు.

పెద్దసారు మీటింగులో ఉన్నారట, కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగి అప్పుడే లోపలికొచ్చిన పెద్దమనిషి. తల నెరిసింది, చొక్కా నలిగింది, చేతిలో గొడుగు.

ఆమె అటెండరుకి ఫోను చేసింది. వడ్రంగి భోజనానికి వెళ్ళాడనీ, వచ్చేదాకా కాస్త ఓపిక పట్టమనీ అతను తాపీగా సెలవిచ్చాడు.

"పర్లేదమ్మా, నాకేం తొందర లేదు," అన్నాడాయన.

నాకుంది, అనుకుంది ఆమె. ఈ గదిలోంచే కాదు, ఈ సంస్థలోంచే ఎప్పుడు బయటపడతానా అని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

ఆమెతోపాటు చేరినవాళ్ళంతా ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. ఆమె థీసిస్ మాత్రం పెద్దసారు సంతకం కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. ఎప్పుడవుతుందే అని ఇంట్లో అమ్మ రోజూ అడిగేది. ఇప్పుడు అడగడం కూడా మానేసింది. అది మరీ బాధగా ఉంది.

పెద్దసారంటే ఆషామాషీ మనిషి కాదు. ఖగోళశాస్త్రంలో ఆయన చెప్పిందే వేదం. రిటైరైనా కుర్చీ వదల్లేదు, శిష్యుల్నీ వదల్లేదు. ఆయన మంచి మాట చెప్పందే ఏ సంస్థా ఉద్యోగమివ్వదు. ఆయన చెప్పడు.

పెద్దమనిషి కంప్యూటరు తెర వైపు కుర్చీ జరుపుకున్నాడు. దాని మీదున్న బొమ్మ ఏమిటో చెప్పమన్నాడు.

ఎలాగూ కాలక్షేపం కావాలి కనుక ఆమె పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఇది గెలాక్సీల గుంపు. నట్టనడుమ ఉన్నది మహా గెలాక్సీ. సుడులూ రెక్కలూ ఏమీ ఉండవు, వట్టి కోడిగుడ్డు ఆకారం. చుట్టుపక్కల చిన్న గెలాక్సీల్ని మింగి మింగి ఇంతైంది. కొత్త నక్షత్రాలు పుట్టడం దాంట్లో ఎప్పుడో ఆగిపోయింది. చుట్టూ ఉన్నవి దాన్ని వదిలి పోలేవు.

"మీ సారుకి ఇదంటే ప్రాణం," అని ఆయన చిన్నగా నవ్వాడు. చెప్పింది నచ్చకపోతే ఇప్పటికీ బల్ల మీద వేళ్ళతో దరువేస్తారా, చల్లారిన టీ కప్పు పక్కవాళ్ళ ముందుకి తోసేస్తారా అని ఆరా తీశాడు.

ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. ఈయన సారు మనిషి!

రహస్యంగా వేరే సంస్థకి దరఖాస్తు పెట్టుకుంది మరి. సారుకి తెలిసిపోయిందా? కూపీ లాగమని ఈయన్ని పంపారా? పక్క గది అబ్బాయి ఇలాగే ఎవరి దగ్గరో నోరు జారితే, పాపం అతని థీసిస్ మళ్ళీ మొదటికొచ్చింది.

ఆయన తెర మీద వేలు పెట్టాడు.

"ఈ మహా గెలాక్సీ అంచు బయట మసగ్గా కనిపిస్తోందే, ఈ వెలుగు ఎవరిదమ్మా?"

సరిగ్గా ఆయువుపట్టు మీదే కొట్టాడు.

ఆ వెలుగు గెలాక్సీదే. మింగేసిన చిన్నవాటిలోంచి చెదిరిపోయిన నక్షత్రాలు అంత దూరం పరుచుకున్నాయి. ఆమె ఎన్నిసార్లు చూసుకున్నా అదే తేలింది. కానీ గెలాక్సీ ఆ అంచు దగ్గరే ఆగిపోతుందని సారు ఎప్పుడో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నారు. బయటున్నది వట్టి ఆకాశపు వెలుగట, తుడిచేసి లెక్క మొదలుపెట్టాలట. శిష్యులంతా తుడిచారు. ఆమే తుడవలేక ఆగిపోయింది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఆకాశానిదండి. తుడిచేస్తాం."

"నీకూ అలాగే అనిపిస్తోందా?"

"సారు ఎప్పుడో తేల్చేశారు కదండీ. నాకు వేరే అనిపించడానికేముంది?"

ఆయన తెర మీంచి వేలు తీసేశాడు.

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం కదమ్మా."

"ఎవరున్నా అంతేనండి."

వడ్రంగి వచ్చి బయటినుంచి తలుపు తీశాడు. పెద్దమనిషి వస్తానమ్మా అని గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గండం గట్టెక్కిందని ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

ఆ వారంలోనే అక్క ఫోను చేసింది. ఇదివరకు ఇక్కడే చదువుకుని, ఆమె దరఖాస్తు పెట్టిన సంస్థలో పనిచేస్తున్న సీనియరు. సొంత అక్కకన్నా ఎక్కువ. ఉద్యోగం రాలేదని చెప్పి, ఆపైన చెడామడా తిట్టింది.

దరఖాస్తులో ఆమె ఒక్క వాక్యం రాసిందట, ఆ అంచు సంగతి ఇంకా తేలలేదని. అది చదివి అక్కడికి కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు పొంగిపోయారట. పెద్దసారు మాట సాయం మనకెందుకు, నేనే వెళ్ళి చూసొస్తానని గొడుగు పట్టుకుని బయల్దేరారట. తిరిగొచ్చి, ఆ అమ్మాయి ఏదో పొరపాటున రాసినట్టుందయ్యా అని కాయితం పక్కన పెట్టేశారట.

"ఏం చెప్పావే ఆయనకి?"

ఆమె గోడకి చేరగిలబడిపోయింది.

"సారు అలవాట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడక్కా," అంది చివరికి. "సారు మనిషనుకున్నాను."

అవతల అక్క గొంతు మెత్తబడింది.

"ఆయనకి తెలియక ఇంకెవరికి తెలుస్తాయే, ఆ వెలుగు ఆకాశానిది కాదు గెలాక్సీదే అన్నందుకు మీ సారు గెంటేసిన మొట్టమొదటి శిష్యుడు ఆయనే."