గుట్టెక్కిన గూడెం

"జీపులు బయలెల్లినయి. పొయ్యిలార్పి గుట్టెక్కండి," అన్నాడు బాబూరావు, బండికి స్టాండు కూడా వెయ్యకుండా.

ముత్తక్క చేతిలోని చేట కింద పెట్టింది. "ఎవరి జీపులయ్యా?"

"పోలీసోళ్లు, ఫారెస్టోళ్లు కలిసే వస్తున్నరు పెద్దమ్మా. గనికి అడ్డం పడేటోళ్లను పట్టుకపోతరంట."

గూడెం పోడు చేలల్లో గని తవ్వుతామని ఒక కంపెనీ తిరుగుతోంది. గ్రామసభలో ఊరు ఊరంతా చెయ్యెత్తి వద్దంటే తవ్వడానికి లేదు. ఈ సంగతి గూడెంలో పసిపిల్లలకూ తెలుసు. సభ ఏ రోజో కనుక్కుని చెప్తానన్నది బాబూరావే. సారపాక నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి. గూడేనికి ఏ కాగితమొచ్చినా చదివిపెట్టేది అతనే.

ముత్తక్క మరిది పోతయ్య కదల్లేదు. "ఎందుకు ఉరకాలె? ఇప్పుడు మన రాజ్యమే కదా. ఓటేసిన సిరా గూడ పోలే," అని వేలు చూపించాడు.

బాబూరావు నవ్వలేదు. "ఏ రాజ్యం నిన్ను అడిగి కొట్టింది పోతన్నా? నిజాం పోలీసు అమీను మీ తాతతోని వెట్టి చేయించిండు. నిజాం పోయి మిలిట్రీ వచ్చింది, గుడిసెలు కాలబెట్టి మీ నాయనను క్యాంపుల పడేసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ అన్నరు, నక్సలైట్లకు బువ్వ పెట్టిండని నీ సొంత అన్నను జీపెక్కించిండ్రు. తెలంగాణ వచ్చినంక నీ చేను మీదికి ఫారెస్టోళ్ల ట్రాక్టరు రాలేదా? జెండా మారింది గాని లాఠీ మారిందా?"

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఏ సర్కారొచ్చినా గూడేనికి మొదట తెలిసేది బండి చప్పుడే.

ఆ జీపెక్కిన మనిషి ముత్తక్క మొగుడు. మళ్లీ దిగలేదు.

"ఆ దినం ఆయన ఉరకలే, పొయ్యికాడనే కూసున్నడు," అంది ముత్తక్క. "ఉరికినోళ్లు బతికిండ్రు. నడువు పోతయ్యా."

"నువ్వో, వదినె?"

"వెనకాల వస్త. పిల్లల్ని చూసుకో."

గూడెమంతా పిల్లల్ని చంకనేసుకుని, కోళ్లను గంపల కింద మూసి గుట్టెక్కింది. ముత్తక్క మోకాళ్లు ఊరి చివరనే మొరాయించాయి. ఎవరినీ పిలవలేదు. వెనక్కొచ్చి తడిక మూసుకుని గాదె చాటున ముడుచుకుంది.

బయట అడుగుల చప్పుడు. తడిక సందులోంచి చూసింది. బాబూరావు.

అందర్నీ కాపాడి వీడొక్కడే మిగిలిపోయాడు, దొరికితే ఎముకలు విరగ్గొడతారు. లోపలికి పిలుద్దామని నోరు తెరిచింది.

అతను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అందర్నీ గుట్టెక్కించిన సార్, మనోళ్లను దింపి సభ పెట్టుకోండి."